సున్నాలమ్మ గడ్డ

పోయిన జూన్‌లో మా చిన్నాయన సమాధికి పేరు చెక్కిన రాయి ఒకటి చేయించాలని ఆళ్లగడ్డ వెళ్ళాను. ఆళ్లగడ్డలో రాయి చెక్కేవాళ్ళకు కొదవ లేదు. రోడ్డు పక్కన నందులు, నరసింహస్వాములు, ఏ ఊరివాళ్ళు చెప్పి చేయించుకొని తీసుకుపోవడం మరిచారో తెలియని నాయకులు వరసగా నిలబడి దుమ్ము తింటూ ఉంటారు. నేను మాట్లాడుకున్న శిల్పి నా చేతిలోని కాగితం చూసి, "పేరు, పుట్టింది, పోయింది. ఇంతేనా మేడమ్? ఇంకేమన్నా చెక్కాల్నా?" అని అడిగాడు. ఇంకేం చెక్కించాలో నాకు తోచలేదు. ఆలోచించి చెబుతానని బయటికి వచ్చానో లేదో వాన పట్టుకుంది. వారం కిందటే ఒక వాన పడిందట, ఇది రెండోది. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకొని పాత బజారు వీధిలో ఎవరిదో వసారా కనబడితే అందులోకి దూరాను. తల తుడుచుకుంటూ పక్కకు చూస్తే, పగిలిన సిమెంటు తొట్టి. తొట్టిలో ఆకన్నది ఒక్కటి లేదు. మట్టిలోంచి నిటారుగా ఒక కాడ, కాడ చివర తెల్లటి పువ్వు. ఆరు సన్నటి రేకులు వెనక్కి విరుచుకొని ఉన్నాయి. వాటి మధ్యలో పల్చటి గిన్నె, గిన్నె అంచు మీద ఆరు కేసరాలు. నేను కళ్ళజోడు తుడుచుకొని వంగి, రెండు కేసరాల మధ్య గిన్నె అంచుకు పళ్ళు ఎన్ని ఉన్నాయో చూశాను. ఒక్కటే. వెడల్పాటిది. అరవై దాటిన మనిషిని, ఎవరో తెలియనివాళ్ళ వసారాలో, ఒక తొట్టి ముందర చతికిలబడి ఏడ్చాను.

ఎందుకు ఏడ్చానో చెప్పాలంటే మా చిన్నాయన గురించి చెప్పాలి. ఆయన మా నాయనకు తమ్ముడు. నంద్యాలలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాడు. మా నాయనకు డోన్‌లో రైల్వే ఉద్యోగం. అక్కడ బీఎస్సీ లేదని డెబ్బైల చివర్లో నన్ను నంద్యాలకు చిన్నాయన ఇంటికి పంపారు. ఆ ఇంట్లో మేం ముగ్గురం: చిన్నాయన, నేను, మా జేజి. నాయనను కన్నతల్లిని మా వైపు జేజి అంటాం. చిన్నాయన పెళ్ళి చేసుకోలేదు. చేసుకోమని చెప్పి చెప్పి జేజి నోరు నొప్పి పుట్టి మానుకుంది. చేసుకొని ఉంటే ఆ పిల్ల ఎక్కడ పడుకునేదో నాకైతే తెలియదు, ఎందుకంటే ఆ ఇంట్లో మంచాల మీద కూడా మొక్కలే ఉండేవి. పాత పేపర్ల మధ్య పెట్టి, రెండు చెక్కచట్రాల ప్రెస్‌లో పేర్చి, తోలుపట్టీలు బిగించి వాటిని ఆరబెట్టేవాడు. తడి పీల్చిన పేపర్లు రోజూ మార్చాలి. ముసురు పట్టిన రోజుల్లో జేజి పొయ్యి పక్కన పేపర్లు పరిచి వెచ్చజేసి ఇచ్చేది. ఇల్లంతా ఎండుగడ్డి వాసన, సిరా వాసన, పైన జొన్నరొట్టె కాలే వాసన. ఇప్పటికీ పాత పేపర్ల కట్ట విప్పితే నాకు ఆకలి వేస్తుంది.

జేజి సంగతీ చెప్పాలి. తాత తొందరగా పోయాడు. ఇద్దరు మగపిల్లలను పెట్టుకొని ఆమె పత్తి ఏరడానికి పోయింది, శనక్కాయలు ఒలవడానికి పోయింది, చివరికి ఆడపిల్లల హాస్టల్లో నేల తుడిచే పని దొరికితే అందులోనే ముసలిదైపోయింది. హాస్టల్లో ఆమెను ‘ఆయమ్మా’ అని పిలిచేవారు. వీధిలో ‘సారు వాళ్ళమ్మ’. డోన్‌కు వస్తే ‘రైల్వే ఆయన తల్లి’. గుడిలో పాస్టరుగారు సంఘస్తుల పేర్లు చదివే రోజున తప్ప ఆమె పేరు ఎవరి నోటా వినబడేది కాదు. వినబడిన రోజు ఆమె తనని కాదేమో అన్నట్టు పక్కకు చూసేది. ఆ పేరు నేనిక్కడ రాయను. ఎక్కడ ఉండాలో అక్కడ లేనిది ఇక్కడ ఉండి ఏం లాభం?

చిన్నాయనకు తగవులు తెచ్చిపెట్టినవి పువ్వులే. మా గుడి ఆవరణలో ఎప్పుడో దొరసానులు నాటిన తెల్లపువ్వుల గడ్డలు ఉండేవి. ఈస్టరు పండక్కి ఆ పువ్వులతోనే సిలువను అలంకరిస్తారు. అందరూ వాటిని లిల్లీ అంటారు. పొలాల్లో లిల్లీలు ఎలా ఎదుగుతాయో చూడండి అని పాస్టరుగారు వాటినే చూపించి ప్రసంగం చేసేవారు. ఒక ఈస్టరు నాడు మా చిన్నాయన ఆయన్ను పక్కకు పిలిచి, అయ్యగారూ ఇది లిల్లీ కుటుంబం కాదు అన్నాడు. అక్కడితో ఊరుకోడు కదా, బల్ల మీది పువ్వొకటి తీసి గోటితో చీల్చి చూపించాడు. విత్తనాలయ్యే అండాశయం రేకుల పైన కూర్చుంటే లిల్లీ కుటుంబం, రేకుల కింద కాడలోకి దిగి కూర్చుంటే వేరే కుటుంబం. పువ్వులన్నీ ఒకేలా తెల్లగా ఉంటాయి, గడ్డలన్నీ ఒకేలా ఉల్లిగడ్డల్లా ఉంటాయి, కాబట్టి రంగూ గడ్డా చూసి చుట్టరికం కలపకూడదు, పుట్టుక ఎక్కడుందో చూడాలి అని ఆయన వాదన. పాస్టరమ్మ గారికి కోపం వచ్చింది. పండగపూట పీఠం మీది పువ్వు చీల్చిన మనిషిని నేను చూడలేదు అని ఆమె ఏడాదిపాటు ఊరంతా చెప్పింది. క్లాసులో మాకూ ఇదే పాఠం. నాకు బంధుత్వం ఉంది కదా అని మార్కులు కలుపుతాడనుకున్నాను. కలపకపోగా, నాకు ఒక మార్కు తక్కువే పడేది.

నేను రెండో ఏడు చదువుతుండగా, జూన్‌లో, మా క్లాసును అహోబిలం తీసుకుపోయాడు. ఆళ్లగడ్డలో బస్సు మారి, దిగువ అహోబిలంలో దిగి, ఎగువకు పోయే దారిలో నడక. అంతకు నాలుగైదు రోజుల ముందే తొలివాన కురిసింది. అడవంతా తడిసిన మట్టి వాసన. దారికి కొంచెం పక్కగా, వాగు ఒడ్డున నాపరాళ్ళ సందుల్లో తెల్లపువ్వులు. నలుగురు కూర్చునే చాపంత చోటులో ఉన్నవే, అంతే. పిల్లలం ఎగబడబోతే చిన్నాయన గట్టిగా అరిచాడు. ఎప్పుడూ అరవని మనిషి. తర్వాత మోకాళ్ళ మీద కూర్చొని భూతద్దం తీశాడు. అండాశయం కిందనే ఉంది, మధ్యలో గిన్నె ఉంది, కాబట్టి కుటుంబమూ ప్రజాతీ తెలిసిపోయాయి. నల్లమలలో ఈ ప్రజాతిలో దొరికేదానికి గిన్నె అంచున రెండు కేసరాల మధ్య రెండు పళ్ళుంటాయి. దీనికి ఒక్కటే. ఆయన ఒక పువ్వు చూశాడు, ఇంకొకటి చూశాడు, అన్నీ చూశాడు. లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి. రెండు పువ్వుల కాడలు కోసి, ఒకే ఒక్క గడ్డ తవ్వి, అక్కడే నిలువునా రెండుగా కోసి ప్రెస్‌లో పెట్టాడు. ఉన్నవే కొన్ని, తవ్వితే తరగిపోతాయి అని మిగతా వాటి జోలికి పోలేదు. మూటగట్టుకొని వచ్చి పెరట్లో పెట్టుకొని ఉంటే ఈ కథే లేదు. కానీ ఆయన నీతి ఆయనది. ఆ నీతి మీద నాకు అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈ రకం గడ్డలకు పువ్వు ముందు వస్తుంది, వాడిపోతుంది, ఆ తర్వాత వానలు ముదిరాక ఆకు వస్తుంది. రెండూ ఒకదాన్నొకటి చూడవు. కొత్త మొక్కకు పేరు పెట్టాలంటే పువ్వొక్కటే చాలదు, ఆకు కూడా చూపించాలి. అది కూడా ఆ గడ్డకు వచ్చిన ఆకే అయి ఉండాలి. విశ్వవిద్యాలయంలో ఉన్న తన పాత గురువుకు చిన్నాయన పువ్వు పంపించాడు. ఆయన చూసి, నువ్వు అనుకున్నది నిజమే కావచ్చు, ఆకు తీసుకురా, పేరు నువ్వే పెట్టుకో అని కబురు చేశాడు. ఆ కబురు వచ్చిన సాయంత్రం చిన్నాయన వంటింటి గడప మీద కూర్చొని, రొట్టె కొడుతున్న జేజికి చెప్పాడు.

"అమ్మా, ఆ పువ్వుకు నీ పేరు పెడ్తాండా."

"నా పేరు గడ్డకెందుకురా?" అంది జేజి తల ఎత్తకుండా. "ఎవురు పిలుస్తారు దాన్ని?"

"దునియా అంతా. యాడ చదివినా అదే పేరుంటాది. ఒకసారి పెడితే మార్చేకి లేదు."

"ఈ వీధిలోనే నన్ను పేరుతో పిలిసేటోళ్ళు లేరు, దునియా పిలుస్తాదంట," అని ఆమె రొట్టె తిప్పింది. ఇంకో వైపు కాలాక, "యా రంగురా పువ్వు?" అని అడిగింది.

ఆ ప్రశ్నతోనే ఆమె దొరికిపోయింది. పేరొద్దు పేరొద్దు అంటూనే మర్నాటి నుంచి రోజూ, ఆకు ఎప్పుడొస్తాదంట, ఆకు ఎట్లుంటాదంట అని నన్ను చాటుగా అడిగేది. వెడల్పుగా, కిందికి కాడ సన్నబడి, పసుపు ఆకు మాదిరి ఉంటుందని చిన్నాయన అంచనా. ఎలా తెలుసు అంటే, గిన్నె అట్లా ఉన్నవాటికి ఆకు అట్లాగే ఉండాలి అనేవాడు. జేజి పెరట్లో పసుపు మొక్క దగ్గర నిలబడి ఆ ఆకును వేళ్ళతో రాస్తూ ఉండడం నేను చూశాను. డెబ్బై ఏళ్ళు వచ్చిన ముసలిదానికి తన పేరంటూ ఒకటి ఉందని గుర్తు చేసి ఆశ పెట్టాడు ఆయన.

ఆకు వచ్చేనాటికి పువ్వుండదు కాబట్టి చోటు గుర్తుండాలి. అడవిలో అన్ని రాళ్ళూ ఒకటే, అన్ని వాగు మలుపులూ ఒకటే. అందుకని పువ్వు దొరికిన మర్నాడే మళ్ళీ అహోబిలం పోయి గడ్డల చుట్టూ ఉన్న రాళ్ళకు సున్నం కొట్టి వచ్చాడు. గుర్తంటే మావాళ్ళకు సున్నమే. నవంబరులో సమాధుల పండగ వస్తే ఇంటిల్లిపాదీ సున్నం బక్కెట్లు పట్టుకొని తోటకు పోతాం. మా వాళ్ళు సమాధుల దొడ్డిని తోట అంటారు. తాత సమాధికి ఒక పూత, పక్కన దిక్కులేని సమాధి ఉంటే దానికి ఒక పూత. ఇది మనవాళ్ళది, దీన్ని తొక్కొద్దు అని చెప్పడానికి మాకు తెలిసిన మాట అదే. చిన్నాయన అదే అలవాటు కొద్దీ ఆ రాళ్ళకూ తెల్లగా, శుభ్రంగా, రెండు పూతలు వేశాడు. గుర్తు బాగా కనబడాలని పెద్ద రాయి ఒకటి తెచ్చి మధ్యలో నిలబెట్టి దానికీ కొట్టాడు. అడవిలో, స్వామి దగ్గరికి పోయే దారి పక్కన, సున్నం కొట్టి నిలబెట్టిన రాయి కనబడితే మిగతా జనం ఏమనుకుంటారన్నది ఆయనకు తట్టనే లేదు. అంత చదివినవాడికి, నలభై ఏళ్ళు ఆ జిల్లాలోనే బతికినవాడికి తట్టలేదు. నాకూ తట్టలేదు, జేజికీ తట్టలేదు. మాకు అది సమాధి గుర్తు, అంతే.

సెప్టెంబరులో వానలు బాగా పట్టాక ఆకు కోసం పోయాం. దూరం నుంచే కర్పూరం వాసన వచ్చింది. పెద్ద రాయికి పసుపు, కుంకుమ, ఎర్రగుడ్డ, నిమ్మకాయల దండ. ముందర కొబ్బరిచిప్పలు. వాగు ఒడ్డున చదును చేసి నాపరాళ్ళు పరిచారు. ఒకామె బుట్ట పెట్టుకొని కూర్చొని ఉంది. ఇదేమి దేవరమ్మా అని చిన్నాయన అడిగితే, "సున్నాలమ్మ సార్. తొలివానకు ఈడ తెల్లపూలు పూసి ఎలసింది," అంది. ఆ పూల గడ్డలు ఏమయ్యాయని అడిగితే, తల్లి ప్రసాదమని మొదట వచ్చినవాళ్ళే తవ్వుకొని పోయారని, ఎర్రదారంతో గుమ్మానికి కట్టుకుంటే ఇంటికి దిష్టి తగలదని, ఇప్పుడు తను అమ్మేవి కూడా తల్లి గడ్డలేనని చెప్పింది. బుట్టలోవి చూడగానే నాకే తెలిసిపోయింది. అవి నక్క ఉల్లిగడ్డలు, ఏ గుట్ట మీదైనా దొరికేవి. చిన్నాయన ఆ రాయి ఎదురుగా చాలాసేపు నిలబడ్డాడు. ఆయన నిలబడ్డ తీరు చూసి ఆమె దండం పెట్టుకుంటున్నాడనుకొని హారతి పళ్ళెం ముందుకు తోసింది. ఆయన అందులో ఏదో వేశాడు కూడా. పేరు పెట్టాలనుకున్న పువ్వుకు పేరు రాలేదు, గుర్తుకు పెట్టిన రాళ్ళకు వచ్చింది. బస్సులో నేను ఆ మాట అంటే నవ్వుతాడనుకున్నాను. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఇంటికి వస్తే గడపలోనే జేజి.

"ఆకు దొరికెనా?"

"లేదమ్మా. ఇంకా రాలేదు," అన్నాడు. నా ఎరుకలో ఆయన ఆడిన అబద్ధం అదొక్కటే.

ఆయనతో పాటు పనిచేసే లెక్చరరు ఒకాయన, మంచివాడే, ఆ సంగతి విని ఇంటికి వచ్చాడు. గుడి ఆవరణలో లిల్లీలున్నాయి కదా, వాటి ఆకొకటి తెచ్చి ఆ పువ్వు పక్కన అతికించెయ్యి, ఎండిపోయిన తర్వాత ఎవడు కనిపెడతాడు, ముసలామె ఇంకెన్నాళ్ళుంటుంది అన్నాడు. చిన్నాయన టీ గ్లాసు అందించి మాట మార్చాడు. ఆయన పోయాక నేనూ అదే అన్నాను. జేజికి అప్పటికే ఆయాసం మొదలైంది, నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకునేది. పెట్టెయ్యి చిన్నాయనా, ఎవరికి నష్టం అన్నాను. ఆయన కోప్పడలేదు.

"దొంగాకు మింద మా అమ్మ పేరు పెట్టాల్నా?" అన్నాడు. "రేపు ఎవడో ఒకడు నిజం ఆకు తెచ్చి, ఈ పేరు తప్పు అని కొట్టేస్తాడు. అప్పుడు ఆ పేరు మింద గీత పడుతుంది. దానికంటే లేకుంటేనే మేలు."

ఆ మాట తప్పని ఇప్పటికీ అనలేను, అందుకే కోపం కూడా తగ్గలేదు.

ఆ తర్వాత ఏడాది ఆయన చేసిన పని తలచుకుంటే నవ్వొస్తుంది, కడుపు కూడా మండుతుంది. ఈ గడ్డకు ఒక గుణముంది. మన్ను లేకపోయినా, గాలిలో వేలాడుతున్నా, తొలివాన చల్లదనం తగిలితే లోపలి బలంతోనే పూస్తుంది. ఆకు వేయడానికి మాత్రం మన్ను కావాలి. మొదట తవ్విన అసలు గడ్డలు ఆళ్లగడ్డలో ఏవో గుమ్మాలకే వేలాడుతూ ఉండాలి. కాబట్టి జూన్‌లో వాన పడ్డ వారానికి నన్ను వెంటబెట్టుకొని ఆళ్లగడ్డ పోయి, వీధి వీధీ తిరుగుతూ గుమ్మాలకేసి చూడడం మొదలుపెట్టాడు. తెల్లచొక్కా, మెడలో భూతద్దం, మొహం పైకి. జనం ఊరుకుంటారా? ఒకాయన ఎవరింటి కోసమన్నాడు. ఇంకొకాయన కరెంటాఫీసువాళ్ళా అన్నాడు. ఒకచోట మమ్మల్ని దొంగలనుకొని కుక్కను ఉసికొల్పారు. గుమ్మాలకు కట్టినవన్నీ నక్క ఉల్లిగడ్డలే. సాయంత్రానికి, పాత బజారులో, ఒక శెట్టిగారి ఇంటి గుమ్మానికి, ఎర్రదారంతో తలకిందులుగా కట్టిన గడ్డలోంచి కాడ వంపు తిరిగి పైకి లేచి ఉంది. దాని చివర తెల్లపువ్వు. చిన్నాయన అరుగు ఎక్కి, చెప్పులు విప్పి, భూతద్దంతో చూశాడు. ఒకటే పన్ను. నా చెయ్యి పట్టుకున్నాడు.

శెట్టిగారు కిరాణా కొట్టు నుంచి వచ్చి విషయం విన్నారు. మర్యాదగానే కుర్చీ వేయించారు, మజ్జిగ ఇప్పించారు. కానీ గడ్డ ఇవ్వనన్నారు. గుమ్మానికి కట్టింది తీసి పరాయివాళ్ళ చేతికిస్తే ఇంటి రక్ష బయటికి పోయినట్టేనట. మీరు సిలువోళ్ళు, మీకు దీనితో ఏం పని అని కూడా అడిగారు. చిన్నాయన చదువు సంగతి చెప్పాడు, ఆకు సంగతి చెప్పాడు, చివరికి ఆ పెద్దమనిషి ముందు, ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడగని మనిషి, దీనికి మా అమ్మ పేరు పెట్టాలని ఉంది, ఆమెకు బాగలేదు అని కూడా చెప్పాడు. శెట్టిగారు తలవంచుకొని, చేసేదేమీ లేదు సార్ అన్నారు. మేం మెట్లు దిగుతుంటే తలుపు వెనకనుంచి ఆయన కోడలు, నా ఈడుదే, పిలిచింది.

"సారూ, కట్టింది ఇయ్యరాదు. ఉగాదికి పాతది దింపి కాలవలో ఇడుస్తాం. దింపినాక ఇడవకుండా నేను పెట్టింటా. మీరు ఉగాదికి రాండి."

ఆ సాయంత్రం చిన్నాయన బస్సులో నాకు ఇడ్లీ పొట్లం విప్పి తినిపించినంత పని చేశాడు. ఉగాదికి గడ్డ, ఆ వానాకాలానికి ఆకు, ఆ వెంటనే పేరు. ఇంటికి వచ్చి జేజితో, వచ్చే వానలకు ఆకు ఖాయమమ్మా అన్నాడు. జేజి వేళ్ళు మడిచి నెలలు లెక్కపెట్టుకుంది.

ఆమె ఫిబ్రవరిలో పోయింది. మంచం మీద ఉన్న చివరి రోజుల్లో మనుషులను కలిపేసుకునేది. నన్ను హాస్టలు పిల్లనుకొని జడ వేసుకోమని చెప్పేది. ఒక్కటి మాత్రం సరిగ్గా గుర్తుంది. ఎవరు వంగి పలకరించినా, "ఆకొచ్చెనా?" అని అడిగేది. చూడడానికి వచ్చిన సంఘం ఆడవాళ్ళు, అన్నం తినేకి విస్తరాకు అడుగుతోంది పాపం అనుకొని కన్నీళ్ళు పెట్టుకున్నారు. చిన్నాయన వాళ్ళను సరిదిద్దలేదు.

ఉగాది వచ్చింది. నేనే గుర్తు చేశాను. ఆళ్లగడ్డ పోదామా చిన్నాయనా అన్నాను. ఆయన ప్రెస్ పట్టీలు బిగిస్తున్నాడు, అందులో ఏ మొక్కా లేదు, ఖాళీ పేపర్లే.

"ఎవురికోసరం?" అన్నాడు.

ఆ ఎండాకాలం నా పరీక్షలై నేను డోన్‌కు వెళ్ళిపోయాను. ఏడాది తిరక్కముందే ఆయన బదిలీ అడిగి పుచ్చుకొని డోన్ పక్కకే వచ్చేశాడు. ఎనభైల్లో ఆయన్ను చూసినవాళ్ళకు, ఈయన ఒకప్పుడు పువ్వు కోసం పాస్టరుగారితో తగువు పెట్టుకున్నాడంటే నమ్మకం కలిగేది కాదు. గంట కొడితే క్లాసు, గంట కొడితే ఇల్లు. రైల్వే గేటు దగ్గర టీ తాగుతూ గూడ్సు బండ్లు చూసేవాడు. నేనూ అదే చదువు చెప్పుకొని బతికి రిటైరయ్యాను. ఏ పిల్లో గడ్డపువ్వు పట్టుకొచ్చి ఇది లిల్లీనా మేడమ్ అని అడిగితే, ఆ సంగతి ఇంట్లో ఆయనకు చెబితే, ఊఁ అనేవాడు, అంతే. పోయిన ఏడాది ఊఁ అనడం కూడా ఆగిపోయింది.

ఇప్పుడు ఆ వసారా సంగతి. నా ఏడుపు విని లోపలినుంచి నా ఈడు ముసలామె ఒకామె చేతికర్రతో వచ్చింది. ఎవరమ్మా ఏమైంది అంది. ఈ తొట్టిలోది ఏ పువ్వమ్మా అని అడిగాను. సున్నాలమ్మ గడ్డ అంది. నేను తలెత్తి ఆ గుమ్మాన్ని చూశాను. ఇల్లు మారిపోయింది, మిద్దె లేచింది, గుమ్మం మాత్రం అదే. చిన్నాయన పేరు చెప్పలేదు నేను, నంద్యాల నుంచి ఒక సారు అని మొదలుపెట్టానో లేదో ఆమె కర్ర గోడకానించి నా పక్కనే కూర్చుంది.

"ఉగాదికి దింపి ఈ తొట్లో పెట్టినా తల్లీ. సారు రాలా. ఆ వానలకే ఆకొచ్చె. ఆకొచ్చెనే, సారు రాలేదే అని రోజూ వీధిలోకి సూసేదాన్ని. ఎవురినడిగేది? పేరు తెలీదు, ఊరు తెలుసు, అంతే. మా మామ పారేయమన్యాడు. మాటిచ్చినా కదా, పారేయలా."

ఏటేటా ఆకు వచ్చిందట. నంద్యాలకు గంట ప్రయాణం దూరంలో, మేం మజ్జిగ తాగిన అరుగు మీదే, చిన్నాయన డోన్‌లో గూడ్సు బండ్లు చూసిన అన్ని ఏళ్ళూ ఆ ఆకు వస్తూ పోతూ ఉంది. జేజి పోయిన ఆ వానాకాలానికే అది సిద్ధంగా ఉంది. ఆయన ఒక్కసారి బస్సెక్కి ఉంటే చాలు. పోయినదాని పేరైనా పెట్టుకోవచ్చు కదా, పేర్లు పెట్టేది బతికున్నవాళ్ళకేనా? ఈ ప్రశ్న ఆయన్ను అడగాలి. ఆయన లేడు. ఆమె పిల్లగడ్డ ఒకటి తవ్వి నా కొంగులో పెట్టింది. తొట్లోది ఇవ్వొచ్చట, గుమ్మానిదే కూడదట.

నా ఇంటి మేడ మీద దాన్ని నాటాను. ఆగస్టులో ఆకు వచ్చింది. వెడల్పుగా, కిందికి సన్నబడి, కాడతో, అచ్చం పసుపు ఆకులా ఉంది. ఆయన చూడకుండా చెప్పినదానికి వీసమెత్తు తేడా లేదు. నా దగ్గర చదువుకొని ఇప్పుడు ఇవే మొక్కల మీద పరిశోధన చేస్తున్న పిల్లకు ఫోన్‌లో ఫొటోలు పంపాను. గంటలో జవాబు చెప్పింది. మేడమ్, దీన్ని వేరే కొండల్లో కొందరు కనుక్కొని కొన్నేళ్ళ కిందటే ప్రకటించారు, వాళ్ళ గురువుగారి పేరు పెట్టారు అని. సంతోషంగా చెప్పింది పాపం. వాళ్ళ తప్పేమీ లేదు. పువ్వు చూశారు, ఆకు చూశారు, పేరు పెట్టారు. ఒకసారి పెడితే మార్చేకి లేదు.

ఆ రాత్రే శిల్పికి ఫోన్ చేసి, చిన్నాయన పేరు కింద ఫలానా ఆమె కొడుకు అని జేజి పేరు కూడా చెక్కమన్నాను. జేజి సమాధి మీద పేరు ఉండేది, కానీ ఏటేటా వేసిన సున్నపు పూతలకు అక్షరాలు పూడిపోయి ఎప్పుడో నున్నగా అయిపోయింది. అందుకని లోతుగా చెక్కు నాయనా అని మరీ మరీ చెప్పాను. లోతుగానే చెక్కాడు. అక్టోబరులో రాయి నిలబెట్టాం. నవంబరులో సమాధుల పండగ నాడు నాకు కొంచెం ఆలస్యమైంది. ఆకు కోసి తీసుకుపోదామని మేడ మీదికి వెళ్తే అప్పటికే అది పసుపుబారి వాలిపోయి ఉంది. అదే తీసుకొని తోటకు పోయేసరికి మా తమ్ముడి పిల్లలు ఎంతో ప్రేమగా, నన్ను సంతోషపెట్టాలని, కొత్త రాయికి అడుగునుంచి తలదాకా చిక్కటి సున్నం రెండు పూతలు పట్టించి, చేతులు కడుక్కుంటున్నారు. నేను కొంగుతో తుడిచాను. చిన్నాయన పేరు కొంత బయటపడింది. కింది వరసలో, జేజి పేరున్నచోట, సున్నం అప్పటికే ఆరిపోయింది. పువ్వుకూ ఆకుకూ మధ్య ఉండేది ఒక్క వానాకాలమని ఎన్నో ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పాను; మా ఇంట్లో ఆ ఒక్క వానాకాలం దాటడానికి మూడు జీవితాలు చాలలేదు.